గేమ్ అకౌంట్ హ్యాక్ అయితే బాధ్యత ఎవరిది? ఐడీ, డబ్బు తిరిగి వస్తాయా?

ఆదివారం ఉదయం. ఇంటర్ చదివే అబ్బాయి ఫోన్ తీసి గేమ్ ఓపెన్ చేశాడు. లాగిన్ కావడం లేదు. పాస్‌వర్డ్ తప్పు అంటోంది. ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కితే కోడ్ ఎవరిదో తెలియని మెయిల్‌కి వెళ్తోంది. మూడేళ్లుగా ఆడిన ఐడీ, పండక్కి తాతయ్య ఇచ్చిన డబ్బుతో కొన్న గన్ స్కిన్‌లు, ఫ్రెండ్స్ లిస్టు అన్నీ వేరేవాళ్ల చేతిలోకి వెళ్లిపోయాయి. కాసేపటికి నాన్న ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఖాతాలో డబ్బు కట్ అయింది. ఐదు నిమిషాల్లో మళ్లీ ఇంకో మెసేజ్.

ఇది ఊహించి రాసిన సంఘటనే. కానీ గేములు ఆడే పిల్లలున్న ఇళ్లలో ఇలాంటిది ఎవరికో ఒకరికి జరిగే ఉంటుంది. ఆ తర్వాత జరిగేది కూడా తెలిసిందే. కంపెనీకి మెయిల్ పెడితే ‘అకౌంట్ భద్రత యూజర్ బాధ్యత’ అంటారు. బ్యాంకుకు వెళ్తే ‘ఓటీపీ మీరే చెప్పి ఉంటారు’ అంటారు. పోలీసుల దగ్గరికి వెళ్దామంటే ‘ఆట కోసం కేసేంటి అని నవ్వుతారేమో’ అని మనమే ఆగిపోతాం.

నిజానికి ఇందులో ఎవరి వాటా ఎంత? చట్టం ఏం చెబుతోంది? ఏ ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

గేమ్ ఐడీతో దొంగలకు ఏం పని?

పెద్దవాళ్లకు అది ఆట. దొంగలకు అది సరుకు. స్కిన్‌లు, డైమండ్స్, యూసీ, అరుదైన ఐటమ్స్ ఉన్న ఐడీలను టెలిగ్రామ్ గ్రూపుల్లో, సోషల్ మీడియా పేజీల్లో అమ్మేస్తారు. కార్డు గానీ యూపీఐ గానీ సేవ్ అయి ఉంటే నేరుగా టాప్‌అప్‌లు కొట్టేస్తారు. ఆ ఐడీ నుంచే స్నేహితులకు ‘ఈ లింకు చూడు’ అని మెసేజ్‌లు పంపి మరికొందరిని ముంచుతారు.

పీసీ గేములు అమ్మే స్టీమ్ ప్లాట్‌ఫామ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ 2015 డిసెంబర్‌లో ఒక లెక్క చెప్పింది. నెలకు సుమారు 77 వేల అకౌంట్లను దొంగలు చేజిక్కించుకుని ఊడ్చేస్తున్నారని ఒప్పుకుంది. వారంతా కొత్తగా ఆడేవాళ్లు, అమాయకులు కాదని, వారిలో ప్రొఫెషనల్ ఆటగాళ్లు కూడా ఉన్నారని తెలిపింది. అంటే ‘మనకు తెలివి ఉంది, మనకేం కాదు’ అనుకోవడానికి లేదు.

అకౌంట్ ఎలా పోతుంది?

బాధ్యత ఎవరిదో తేల్చాలంటే ముందు ఐడీ ఏ దారిలో పోయిందో తెలియాలి. ఎక్కువగా కనిపించే దారులు ఇవి.

ఫ్రీ డైమండ్స్, ఫ్రీ యూసీ లింకులు: అచ్చం గేమ్ సైట్‌లా కనిపించే పేజీ వస్తుంది. ఫేస్‌బుక్ లేదా గూగుల్‌తో లాగిన్ అవ్వమంటుంది. అక్కడ కొట్టిన పాస్‌వర్డ్ నేరుగా దొంగకు చేరుతుంది. దీన్నే ఫిషింగ్ అంటారు.

అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్: ఎప్పుడో ఒక షాపింగ్ సైట్ నుంచి లీకైన పాస్‌వర్డ్‌లను తీసుకుని సాఫ్ట్‌వేర్‌తో గేమ్ సైట్లలో ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తారు. 2017 నవంబర్ నుంచి 2019 మార్చి వరకు 17 నెలల్లో గేమింగ్ సైట్లపై ఇలాంటి ప్రయత్నాలు 1,200 కోట్లు జరిగినట్లు ఇంటర్నెట్ భద్రతా సంస్థ అకామై లెక్కగట్టింది.

లింక్ చేసిన ఖాతా: మన దగ్గర చాలామంది మొబైల్ గేముల్లోకి ఫేస్‌బుక్, గూగుల్ లేదా ఎక్స్ ఖాతాతో వెళ్తారు. ఎప్పుడో వదిలేసిన పాత ఫేస్‌బుక్ ఖాతా పోతే దాని వెంట గేమ్ కూడా పోతుంది.

మోడ్ యాప్‌లు, హ్యాక్ స్క్రిప్టులు: ప్లే స్టోర్ బయట నుంచి ఏపీకే ఫైలు దించి ‘అన్‌లిమిటెడ్’ వెర్షన్ వేసుకుంటారు. అందులో పాస్‌వర్డ్‌లు, మెసేజ్‌లు చదివే ప్రోగ్రామ్ దాగి ఉండొచ్చు.

ఐడీ చేతులు మారడం: ర్యాంక్ పెంచి ఇస్తామన్న వారికో, ‘ఒక్కరోజు ఆడి ఇస్తా’ అన్న స్నేహితుడికో పాస్‌వర్డ్ ఇచ్చేయడం.

కంపెనీ వైపు లోపం: సర్వర్‌లోకి ఎవరో చొరబడటం, లాగిన్ వ్యవస్థలో బగ్, లేదా కస్టమర్ సపోర్ట్ సిబ్బంది మోసపోవడం.

మొదటి ఐదింటిలో తలుపు మన వైపు నుంచి తెరుచుకుంటుంది. ఆరోది పూర్తిగా కంపెనీ వైపు. కానీ వాస్తవంలో ఈ గీత అంత స్పష్టంగా ఉండదు.

కంపెనీల తప్పు ఎప్పుడైనా రుజువైందా?

చాలాసార్లు. ఒక్కో కేసు ఒక్కో కోణం చూపిస్తుంది.

సోనీ, 2011: ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి హ్యాకర్లు చొరబడ్డారు. సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలు ప్రమాదంలో పడ్డాయి. ఏప్రిల్ 20న నెట్‌వర్క్ మూసేసిన సోనీ, వ్యక్తిగత సమాచారం పోయిందని యూజర్లకు చెప్పింది మాత్రం 26న. సేవలు మూడు వారాలకు పైగా ఆగిపోయాయి. సాఫ్ట్‌వేర్ తాజాగా ఉంచి ఉంటే ఈ దాడిని ఆపగలిగేవారని తేల్చిన బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం, 2013 జనవరిలో ఆ సంస్థకు 2.5 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఇక్కడ యూజర్ తప్పు ఏమీ లేదు.

నింటెండో, 2020: సుమారు 3 లక్షల ఖాతాల్లోకి ఇతరులు లాగిన్ అయ్యారు. పాస్‌వర్డ్‌లు తమ దగ్గర నుంచి లీక్ కాలేదని, వేరే మార్గంలో దొంగలకు చిక్కాయని కంపెనీ చెప్పింది. కానీ లోపలికి దారి ఇచ్చింది కంపెనీ ఎప్పటి నుంచో కొనసాగిస్తున్న పాత తరహా లాగిన్ పద్ధతి. చివరకు ఆ దారిని మూసేసింది. పాస్‌వర్డ్‌లు రీసెట్ చేసింది. అక్రమ కొనుగోళ్లు జరిగిన యూజర్లకు డబ్బు వాపసు ఇచ్చింది. ఇది ఇద్దరి వాటా ఉన్న కేసు.

ఫోర్ట్‌నైట్, 2019: ఈ గేమ్ లాగిన్ వ్యవస్థలో ఒక లోపాన్ని చెక్ పాయింట్ సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. పాస్‌వర్డ్ ఎక్కడా టైప్ చేయకపోయినా, ఒక్క లింకు నొక్కితే చాలు ఖాతా చేజారే ప్రమాదం ఉండేది. గేమ్ తయారీ సంస్థ ఎపిక్ గేమ్స్ దాన్ని సరిచేసింది.

ఈఏ, 2022: ఫిఫా 22 ఆడే కొందరు ప్రముఖ ఆటగాళ్ల ఖాతాలు పోయాయి. అవి 50 లోపే. అయితే పోయిన తీరు ముఖ్యం. దొంగలు ఖాతాదారుల్లా నటిస్తూ కంపెనీ కస్టమర్ సపోర్ట్ సిబ్బందిని ఒత్తిడి చేశారు. సిబ్బంది పొరపాటు వల్ల టూ-స్టెప్ వెరిఫికేషన్‌ను కూడా దాటేసి లోపలికి వెళ్లారు. ఇది తమ వైపు మానవ తప్పిదమని ఈఏ ఒప్పుకుంది. అసలు యజమానులకు ఖాతాలు తిరిగి ఇచ్చే పని చేపట్టింది. యూజర్ అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఐడీ పోవచ్చనడానికి ఇదే ఉదాహరణ.

‘మొత్తం బాధ్యత మీదే’ అని నిబంధనల్లో ఉంటే ఇక అంతేనా?

గేమ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కే నిబంధనల్లో సాధారణంగా మూడు మాటలు ఉంటాయి. ఒకటి, అకౌంట్ మీ ఆస్తి కాదు, కంపెనీ ఇచ్చిన వాడుకునే అనుమతి మాత్రమే. రెండు, పాస్‌వర్డ్ కాపాడుకోవాల్సింది మీరే. మూడు, ఐడీ అమ్మడం, కొనడం, ఇతరులకు ఇవ్వడం నిషేధం.

ఈ మాటలకు బలం ఉంది. ఫిషింగ్ లింకులో మీరే పాస్‌వర్డ్ ఇచ్చేస్తే, పోయిన స్కిన్‌లు వెనక్కి ఇవ్వాలని కంపెనీని పట్టుబట్టడం కష్టం. కానీ ఆ ఒక్క వాక్యంతో కంపెనీ చట్టం నుంచి తప్పించుకోలేదు.

ఐటీ చట్టం, 2000: అనుమతి లేకుండా ఇతరుల ఖాతాలోకి చొరబడటం సెక్షన్ 43, 66 కింద నేరం. మూడేళ్ల వరకు జైలు లేదా ₹5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వేరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే 66సీ, వేరొకరిలా నటించి మోసం చేస్తే 66డీ వర్తిస్తాయి. వీటికి మూడేళ్ల వరకు జైలు, ₹1 లక్ష వరకు జరిమానా. పోయింది గేమ్ ఐడీయా, మెయిల్ ఐడీయా అన్న తేడా చట్టంలో లేదు. కాబట్టి ఫిర్యాదుకు మొహమాటం అక్కర్లేదు.

సెర్ట్-ఇన్ ఆదేశాలు, 2022: డేటా చోరీ వంటి సైబర్ ఘటనలు తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా కంపెనీలు ఈ కేంద్ర సంస్థకు తెలియజేయాలి.

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023: మన వివరాలు తీసుకున్న కంపెనీ వాటికి తగిన భద్రత కల్పించాలి. లీకైతే బాధిత యూజర్లకు చెప్పాలి. భద్రతలో విఫలమైతే ₹250 కోట్ల వరకు జరిమానా ఉంటుంది. 18 ఏళ్ల లోపు పిల్లల డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. దీని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీలపై ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వచ్చేలా గడువు ఇచ్చారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ జరిమానా ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది, నష్టపోయిన యూజర్‌కు రాదు. భద్రతా లోపం వల్ల నష్టపోయిన వారు పరిహారం అడిగేందుకు వీలిచ్చే ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను కూడా ఈ కొత్త చట్టం తొలగిస్తుంది. కాబట్టి పరిహారం కావాలనుకునే ఆటగాడికి మిగిలే ముఖ్యమైన దారి వినియోగదారుల కమిషన్.

డబ్బు కట్ అయితే బ్యాంకు బాధ్యత ఎంత?

గేమ్ ఐడీ వేరు, బ్యాంకు ఖాతా వేరు. డబ్బు విషయంలో నిబంధనలు మరింత స్పష్టంగా ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో తెచ్చిన నిబంధనల సారాంశం ఇదీ.

తప్పు బ్యాంకుది గానీ ఖాతాదారుది గానీ కాకుండా, మధ్యలో వేరేచోట జరిగిన లోపం వల్ల డబ్బు పోతే, సమాచారం అందిన 3 పనిదినాల్లోగా బ్యాంకుకు చెబితే ఖాతాదారుపై భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే ఖాతా రకాన్ని బట్టి ఒక పరిమితి వరకే భారం. ఆ తర్వాత అయితే ఆ బ్యాంకు విధానాన్ని బట్టి ఉంటుంది.

ఓటీపీ, పిన్ మీరే చెప్పేసి ఉంటే ఫిర్యాదు చేసే వరకు పోయిన డబ్బు మీ ఖాతాలోనే రాసుకోవాలి. కానీ ఫిర్యాదు చేసిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు భరించాలి.

ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. మొదట తప్పు ఎవరిదైనా, మీరు చెప్పిన నిమిషం నుంచి బాధ్యత అవతలి వైపుకు మారడం మొదలవుతుంది. గేమ్ కంపెనీ విషయంలో ఇంత కచ్చితమైన నిబంధన లేదు. అయినా ‘మీకు ఫలానా రోజు, ఫలానా సమయానికి చెప్పాను, ఆ తర్వాత కూడా ఐడీ ఆపలేదు, రెండు టాప్‌అప్‌లు జరిగాయి’ అని చూపించగలిగితే మీ వాదనకు బలం వస్తుంది. అందుకే గంటలు లెక్కపెట్టుకోవాలి.

ఇంకో మాట. పిల్లాడే నాన్న ఫోన్‌లో పిన్ కొట్టి డైమండ్స్ కొంటే అది హ్యాకింగ్ కాదు. దాన్ని హ్యాకింగ్‌గా చూపి ఫిర్యాదు చేయొద్దు. గూగుల్ ప్లే ద్వారా కొని ఉంటే 48 గంటల్లోగా రీఫండ్ కోరవచ్చు. మీకు తెలియకుండా వేరెవరో చేసిన కొనుగోలు అయితే 120 రోజుల్లోగా గూగుల్‌కు చెప్పే వీలుంది.

హ్యాక్ అయిందని తెలియగానే ఏం చేయాలి?

1. ముందు మెయిల్‌ను కాపాడుకోండి. గేమ్‌కు లింక్ చేసిన జీమెయిల్ లేదా ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ మార్చి, ‘అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్’ నొక్కండి. మెయిల్ మీ చేతిలో లేకపోతే గేమ్ తిరిగి వచ్చినా నిలవదు.

2. డబ్బు పోయి ఉంటే వెంటనే బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోన్ చేయండి. యూపీఐ ఆటోపే ఉంటే రద్దు చేయండి. సేవ్ చేసిన కార్డు తీసేయండి.

3. ఆధారాలు దాచండి. పాస్‌వర్డ్ మారినట్లు వచ్చిన మెయిల్, ఫిషింగ్ లింకు, బ్యాంకు మెసేజ్‌లు, దొంగ పెట్టిన చాట్ అన్నింటినీ స్క్రీన్‌షాట్ తీయండి. కోపంలో చాట్ డిలీట్ చేయకండి.

4. గేమ్ లోపల ఉండే హెల్ప్ సెంటర్ నుంచే కంపెనీకి రాయండి. గూగుల్‌లో ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతికితే నకిలీ నంబర్లు దొరుకుతాయి. అక్కడ రెండోసారి మోసపోతారు.

5. ఐడీ మీదేనని రుజువు పంపండి. గేమ్‌లో కనిపించే అంకెల యూఐడీ, అకౌంట్ తెరిచిన సుమారు తేదీ, మొదట లింక్ చేసిన మెయిల్, వాడిన ఫోన్ మోడల్, టాప్‌అప్ రశీదులు. గూగుల్ ప్లే కొనుగోలుకు ‘జీపీఏ’ అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరు మెయిల్‌లో ఉంటుంది. దొంగ దగ్గర పాస్‌వర్డ్ ఉండొచ్చు గానీ మూడేళ్ల కిందటి రశీదు ఉండటం అరుదు.

6. ఫ్రెండ్స్ లిస్టులోని వారికి ఫోన్ చేసి ‘నా ఐడీ నుంచి లింకు వస్తే తెరవకండి’ అని చెప్పండి.

ఎవరికి, ఏ ఫిర్యాదు?

సైబర్ పోలీసులు: జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. డబ్బు పోయిన కేసుల్లో 1930కి ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేరిన ఖాతాను అంత త్వరగా ఆపే అవకాశం ఉంటుంది. ఏపీలోనైనా, తెలంగాణలోనైనా నంబరు ఇదే. ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. బ్యాంకు, గేమ్ కంపెనీ రెండూ దాన్ని అడగొచ్చు.

కంపెనీ ఫిర్యాదుల అధికారి: సపోర్ట్ టీమ్ రెడీమేడ్ జవాబులతో సరిపెడితే ప్రైవసీ పాలసీ పేజీ చివరికి వెళ్లండి. ఇండియాలో సేవలందించే యాప్‌లు ‘గ్రీవెన్స్ ఆఫీసర్’ పేరు, మెయిల్ అక్కడ ఇస్తుంటాయి. ‘ఏ సమయంలో, ఏ ఊరి నుంచి లాగిన్ అయ్యారు, ఏ డివైస్ నుంచి పాస్‌వర్డ్ మార్చారు’ అనే వివరాలు చూసి జవాబివ్వాలని అడగండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్: 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, కానీ రెండేళ్లలోగా చేయాలి. చెల్లించిన సొమ్ము ₹5 లక్షల వరకు అయితే ఫీజు లేదు. అయితే డబ్బు చెల్లించిన వారే చట్టం దృష్టిలో వినియోగదారులు. పూర్తిగా ఉచితంగా ఆడిన వారికి ఈ దారి కష్టం. రశీదులు దాచుకోమనేది ఇందుకే.

బ్యాంకు నుంచి డబ్బు వెనక్కి తెచ్చుకునే ముందు ఒక విషయం తెలుసుకోండి. చెల్లింపుపై బ్యాంకులో వివాదం లేవనెత్తితే కొన్ని గేమ్ కంపెనీలు ఆ అకౌంట్‌ను లాక్ చేస్తాయి. ఎపిక్ గేమ్స్‌పై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన ఆరోపణల్లో ఇది కూడా ఒకటి. 2022 డిసెంబర్‌లో ఆ సంస్థ మొత్తం 52 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. అందులో 24.5 కోట్ల డాలర్లు వినియోగదారులకు వాపసు కోసమే. కాబట్టి బ్యాంకు ఫిర్యాదుతో పాటే ‘ఇది నేను చేసిన చెల్లింపు కాదు’ అని కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

కొనుక్కున్న ఐడీ పోతే?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరి దగ్గరో కొన్న ఐడీని అమ్మినవాడే పాత మెయిల్‌తో రికవరీ చేసుకుని వెనక్కి లాక్కుంటాడు. కంపెనీ దృష్టిలో ఆ ఐడీ మొదటి యజమానిదే. పైగా కొనడమే నిబంధనలకు విరుద్ధం కాబట్టి పూర్తిగా బ్యాన్ చేయొచ్చు. మీరు డబ్బు ఇచ్చి మోసపోయారని పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు గానీ, ఐడీ తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోలేం.

ముందే ఏం చేసి పెట్టుకోవాలి?

గెస్ట్‌గా ఆడుతుంటే ఈ రోజే మెయిల్‌కు లింక్ చేయండి. గేమ్‌కు, మెయిల్‌కు వేర్వేరు పాస్‌వర్డ్‌లు పెట్టండి. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఫోర్ట్‌నైట్ 2018లో దీన్ని ఆన్ చేసిన వారికి ఒక డ్యాన్స్ ఎమోట్ ఉచితంగా ఇచ్చింది. చెబితే వినని ఆటగాళ్లు బహుమతి ఇస్తే వింటారని కంపెనీలకూ తెలుసు.

ఇంట్లో పిల్లలు ఆడుతుంటే ప్లే స్టోర్‌లో ‘ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్’ సెట్టింగ్ పెట్టండి. జీతం పడే ఖాతాను గేమ్ ఉన్న ఫోన్‌కు లింక్ చేయకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఐడీ పోయిన రోజు చాలామంది పిల్లలు తిట్లకు భయపడి రెండు మూడు రోజులు చెప్పరు. బ్యాంకు ఇచ్చే 3 పనిదినాల గడువు ఆ మౌనంలోనే కరిగిపోతుంది. ‘ఏదైనా తేడాగా అనిపిస్తే వెంటనే చెప్పు, తిట్టను’ అని ఈ రోజే వాళ్లకు చెప్పి ఉంచండి.